థర్మోస్టాట్ తీసేసిన తరం

పాలకుర్తిలో షెడ్డు నడిపే నన్ను ఈ ప్రాంతపు బండ్ల చరిత్ర చెప్పమంటే హీటర్ దగ్గర మొదలుపెడతాను. మనకు హీటరెందుకు అంటారు. సోమేశ్వరుడి గుట్ట దగ్గర శివరాత్రి జాతర జరిగేసరికి చలి శివశివా అంటూ పోతుంది, హీటర్ మీటను ఇంకెవరూ ముట్టరు. నిజమే. కానీ మా పనిలో ఒక తరం మొత్తం పాటించిన చెడ్డ అలవాటు ఆ పార్టు చుట్టూనే పెరిగింది.

1932లో నిజాం సర్కారు రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది. ఆ ఆల్బియన్ కంపెనీ బస్సులు స్కాట్లండ్‌లో, చలిదేశంలో తయారైనవి. ఇంజన్ ముందు ముక్కులో ఉండేది గనుక డ్రైవరుకు సెగ తక్కువ. 1954లో జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా మెర్సిడెస్ లారీలూ ముందు అలాంటివే. తర్వాతి లారీల్లో ఇంజన్ క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చింది. దాని మీద ఒక మూత, ఆ మూత పక్కనే డ్రైవర్ ఎడమ కాలు. చలికాలం టిఫిన్ డబ్బా ఆ మూత మీద పెడితే అన్నం వెచ్చగా ఉండేది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మాత్రం తడిపిన గోనెసంచి కప్పుకుని నడిపేవాళ్లు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది. ఎంత ఆలస్యంగా!

ఇలా సెగతో విసిగిపోయిన చోట, వేడి పుట్టించే ఏ పార్టునూ నమ్మకపోవడం సహజం. అంబాసిడర్ రోజుల నుంచీ ఉస్తాదులు బండి రాగానే మొదట పీకేది థర్మోస్టాట్. "ఎండల దేశం, నీళ్లకు అడ్డమెందుకు?" అనేది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. ఇంజన్ తగినంత కాగేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకపోవడమే దాని పని. అది లేకపోతే చలి పొద్దుల్లో ఇంజన్ ఎంతకీ కాగదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుతుంది. ఇంకా ఘోరం, కొన్ని ఇంజన్లలో బైపాస్ దారి తెరుచుకునే ఉండి, సగం నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండా తిరిగొస్తాయి. వేడి తగ్గాలని తీస్తే వేడి పెరుగుతుంది.

నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మాటలతో చెప్పను. గిన్నెలో నీళ్లు స్టవ్ మీద పెట్టి, తీగకు కట్టిన థర్మోస్టాట్ అందులో వేలాడదీస్తాను. దాని మీద 82 అని గుద్ది ఉంటుంది. నీళ్లు ఆ వేడికి వచ్చేసరికి లోపలి మైనం కరిగి ఉబ్బుతుంది, ఇత్తడి మూత మెల్లగా లేస్తుంది. దించి చల్లారనిస్తే మళ్లీ మూసుకుంటుంది. అది చూసిన పిల్లవాడు ఇంక ఏ బండిలోనూ దాన్ని పీకడు.

థర్మోస్టాట్ పని తెలిస్తే హీటర్ సులువు. ఇంజన్‌లో కాగిన నీళ్లు రెండు హోస్ పైపుల గుండా డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌కు పోయి వస్తాయి. బ్లోవర్ దాని మీదుగా గాలి కొడుతుంది. ఆ రేడియేటర్ కారితే కాళ్ల కింది మ్యాట్ జిగటగా తడుస్తుంది, అద్దానికి లోపల నూనె పొర పడుతుంది. మార్చాలంటే డాష్‌బోర్డు దించాలి. అందుకే రెండు పైపులనూ ఒక వంపు గొట్టంతో కలిపేసి పంపేవాళ్లు. ఆ బండికి వానాకాలం అద్దం మీది ఆవిరిని పోగొట్టే వెచ్చటి గాలి లేకుండా పోయింది. మే నెలలో ఇంజన్ వేడెక్కి ముల్లు ఎర్రగీత వైపు లేస్తే, కూలెంట్ సరిగా ఉన్నప్పుడు, హీటర్ పూర్తిగా తిప్పి బ్లోవర్ గట్టిగా పెట్టి షెడ్డు దాకా తెచ్చుకునే వీలూ పోయింది. ఆ చిన్న రేడియేటర్ ఇంజన్‌కు రెండో రేడియేటర్ అని మా పాతవాళ్లలో కొద్దిమందికే తెలుసు.

ఏసీ కార్లు పెరిగాక ఈ అలవాటు ఇంకో దారి పట్టింది. చల్లగా రావట్లేదంటే గ్యాస్ నింపడమే. హీటర్‌కు పోయే నీళ్లను ఆపే వాల్వు ఉన్న బండ్లలో నేను ముందు హీటర్ మీటను చల్ల వైపు తిప్పి, ఇంజన్ కాగాక హీటర్ పైపులు రెండింటినీ ముట్టి చూస్తాను. రెండూ కాలుతుంటే వాల్వు మూసుకోవట్లేదు, ఏసీ చల్లబరిచిన గాలిని హీటర్ మళ్లీ వేడి చేస్తోంది. అలాంటి బండికి వాల్వు మారుస్తాను, గ్యాస్ జోలికి పోను.