శేరిలింగంపల్లి

శేరిలింగంపల్లి హైదరాబాద్ నగరానికి పడమటి అంచున, రంగారెడ్డి జిల్లాలో ఉన్న ప్రాంతం. 2007 ఏప్రిల్ వరకు విడి పురపాలక సంఘం. దీని పరిధిలోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్, నల్లగండ్ల నేడు కంపెనీల చిరునామాలు. ఒకప్పుడవి చెరువు కింద సాగు, గుట్టల పక్కన మేత బీళ్లు ఉన్న పల్లెలు.

ఇక్కడి దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీళ్లిచ్చింది. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం లింగంపల్లి మీదుగా సాగింది. 1960లలో పొరుగునే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ రావడంతో చందానగర్ వైపు ఉద్యోగుల కాలనీలు మొదలయ్యాయి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఇక్కడే సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. ఐటీ రాకముందే ఊరి రూపు మారడం మొదలైందన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత భూమి ధర పంట విలువను దాటిపోయింది. పొలం ఉన్నవాళ్లకు సొమ్ము దక్కింది, అదే పొలంలో కూలి చేసినవాళ్లకు పని పోయింది. ఈ ప్రాంత చరిత్రలో మరిచిపోకూడని భాగం ఇదే. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్లు, 2017లో మియాపూర్ మెట్రో వచ్చాయి. 2007లో పన్నెండు పురపాలక సంఘాలు, ఎనిమిది పంచాయతీలు నగరంలో కలిసి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడింది. శేరిలింగంపల్లి వాటిలో ఒకటి. పురపాలక సంఘం పోయింది, పేరు మాత్రం నిలిచింది: 2009 నుంచి అసెంబ్లీ నియోజకవర్గం పేరు కూడా ఇదే.

ఊళ్ల సామాజిక జీవితం మాత్రం అంత త్వరగా చెదరలేదు. ఆషాఢంలో పాత బస్తీల ఆడవాళ్లు బోనాలెత్తుకుని పోచమ్మ గుడికి వెళ్తారు. మొహర్రంలో పీర్లు లేస్తాయి. అద్దెకొచ్చిన ఒడియా, బెంగాలీ, ఉత్తరాది కుటుంబాలు దుర్గాపూజ, ఛఠ్ పండుగలు తెచ్చాయి. మాదాపూర్‌లో 1992లో మొదలైన శిల్పారామం చేనేత, హస్తకళల వారికి అమ్మకపు చోటైంది. దసరాకు ముందు అపార్ట్‌మెంట్ల ఆవరణలో కూడా బతుకమ్మ ఆడతారు. బతుకమ్మను నిమజ్జనం చేయాలంటే నీళ్లు కావాలి. ఆ నీళ్లుండాల్సిన కుంటలే కుంచించుకుపోయాయి.

2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల ఆక్రమణల తొలగింపు చేపట్టింది. కూల్చివేతలతోనే చెరువు బతకదు. ప్రతి కుంటకూ నిండు నీటిమట్టపు హద్దురాళ్లు పాతాలి, వాన నీటి వాగులు తెరవాలి, మురుగును ఆపాలి. ఈ పని జరిగేలా అడిగే బాధ్యత పాత ఊరి వాళ్లతో పాటు కొత్తగా ఇల్లు కొన్నవాళ్లూ తీసుకోవాలి.