గాలపు రీలు రొద

గాలపు దారమును చుట్టు రీలునకు గడియారమే గురువు. 19వ శతాబ్ది ఆరంభమున అమెరికాలోని కెంటకీ రాష్ట్రమందు, పారిస్ పట్టణపు గడియారముల పనివాడు జార్జి స్నైడర్, పిడి ఒకమారు త్రిప్పినచో కండె పలుమారులు తిరుగునట్లు పండ్లచక్రములను అమర్చెను. తరువాత ఫ్రాంక్‌ఫర్టునందలి మీక్ సోదరులు దానికి మెరుగు పెట్టిరి. వారును గడియారముల పనివారే.

వేగముతోబాటు రొదయు వచ్చినది. రొద యనగా రాపిడి. రాపిడి యనగా లోహపు అరుగుదల. నేటి ఇట్టి రీళ్లలో పెక్కింట గాలము విసరునప్పుడు కండె పండ్లచక్రములనుండి విడివడి తిరుగును. కావున విసరునప్పుడు కీచుమన్నచో దోషము ఇరుసు కొనలయందును, చుట్టునప్పుడు మాత్రమే గరగరలాడినచో ముందుగా పండ్లయందును వెదకవలెను.

ఇసుకను, పాత జిడ్డును తుడిచి, పండ్లకు పలుచగా గ్రీజు, ఇరుసు కొనలకు ఒక్కొక్క చుక్క నూనె పెట్టవలెను. ఎక్కువైన నూనె దుమ్మును పట్టును. అప్పటికిని రొద మానకున్నచో పండ్లు గాని ఇరుసు కొనలు గాని అరిగియుండవచ్చునని యెరిగి, అరిగినవానిని మార్చవలెను.