ఏడుతరాల వెనుక పత్రాలు: అమెరికా బానిసల వంశాన్వేషణలో లెక్క, పేరు, అతుకు

ప్రస్తావన

అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన 'రూట్స్' సహవాసి అనువాదంలో 'ఏడుతరాలు'గా తెలుగు పాఠకులకు చేరింది. ఎందరో తెలుగువారికి అమెరికా బానిసత్వంతో తొలి పరిచయం ఈ గ్రంథమే. గాంబియాలోని జుఫూరే గ్రామం నుంచి అపహరణకు గురైన కుంటా కింటే మొదలుకొని రచయిత వరకు సాగిన పరంపరను అది చెబుతుంది. తన వంశం ఏ ఊరి నుంచి వచ్చిందో కనుగొన్న నల్లజాతి మనిషి కథగానే దానికి అంతటి ఆదరణ లభించింది. అయితే అటువంటి అన్వేషణకు ఆధారమయ్యే పత్రాలు ఎలాంటివి, వాటిని ఎవరు, ఎందుకు రాశారు, అవి ఎంతవరకు సాక్ష్యమివ్వగలవు అనే ప్రశ్నలు వేసుకున్నప్పుడే ఆ కథ బలమూ పరిమితీ బోధపడతాయి.

ఈ వ్యాసం ఆ పత్రాలను రెండు వర్గాలుగా విభజించి పరిశీలిస్తుంది. బానిసలను ఆస్తిగా లెక్కించడానికి యజమానులూ ప్రభుత్వమూ రాసినవి మొదటి వర్గం. విముక్తులైనవారు తమవారిని వెతుక్కోవడానికీ, హక్కులు నిరూపించుకోవడానికీ చెప్పి రాయించినవి రెండో వర్గం. మొదటి వర్గంలో మనిషి కనిపించినా అతని బంధుత్వాలు చాలావరకు కనిపించవు. రెండో వర్గానికి బంధుత్వమే ప్రాణం. వంశచరిత్ర ఈ రెండింటినీ కలిపే అతుకు వద్ద నిర్మితమవుతుంది. ప్రమాదం పొంచి ఉండేదీ అక్కడే.

లెక్క కోసం రాసిన పత్రాలు

అమెరికా తొలి జనగణన 1790లో జరిగింది. నాటినుంచి బానిసలు కుటుంబ యజమాని పేరు కింద సంఖ్యలుగా మాత్రమే నమోదయ్యారు. 1850, 1860 జనగణనల్లో వారికోసం ప్రత్యేక పట్టికలు తయారయ్యాయి. వాటిలో యజమాని పేరు ఉంటుంది. ఆ పేరు కింద ఒక్కొక్క బానిసకు ఒక్కొక్క గీత చొప్పున వయస్సు, లింగం, వర్ణం ఉంటాయి. బానిస పేరు ఉండదు. 1860లో ఇలా లెక్కకు వచ్చినవారు 39,53,760 మంది. 1865 డిసెంబరులో పదమూడో రాజ్యాంగ సవరణ ఆమోదం పొంది బానిసత్వం రద్దయ్యాక, 1870 జనగణనలో తొలిసారిగా వారందరూ ఇంటిపేర్లతో సహా మనుషులుగా నమోదయ్యారు. అందుచేతనే నల్లజాతి వంశాన్వేషకులు '1870 ఇటుక గోడ' అనే మాట వాడతారు. ఆ సంవత్సరం వరకు వెనక్కు నడిచినవారికి అక్కడ దారి మూసుకుపోతుంది.

1870 పత్రం కూడా సంపూర్ణం కాదు. కుటుంబ సభ్యులకు గృహస్థుతో ఉన్న బంధుత్వాన్ని నమోదు చేయడం 1880 జనగణనతోనే మొదలయింది. 1870లో ఒకే ఇంట కనిపించే స్త్రీ భార్యయో, సోదరియో, చేరదీసిన బంధువో పత్రం చెప్పదు. 1890 జనగణన పత్రాల్లో అత్యధికభాగం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం తరువాత దక్కలేదు. పైగా విముక్తులందరూ చివరి యజమాని ఇంటిపేరే స్వీకరించలేదు. కొందరు పూర్వపు యజమాని పేరును, కొందరు తమ తల్లిదండ్రులు నిలుపుకొన్న పేరును, మరికొందరు తాము కోరుకున్న పేరును పెట్టుకొన్నారు. కాబట్టి ఇంటిపేరు ఒక్కటే ఆధారంగా యజమానిని నిర్ణయించడం సాధ్యం కాదు.

గోడకు అవతల పేర్లు పూర్తిగా లేకపోలేదు. అవి ఆస్తి చేతులు మారిన చోట మాత్రమే బయటపడతాయి. యజమాని మరణిస్తే వీలునామాలోనూ, ఆస్తి విలువ కట్టే పట్టికలోనూ బానిసల పేర్లు కనిపిస్తాయి. అమ్మితే క్రయపత్రంలో, అప్పు తీసుకుంటే తాకట్టు పత్రంలో కనిపిస్తాయి. విదేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధిస్తూ 1808 జనవరి 1న అమలులోకి వచ్చిన చట్టం దేశీయ వ్యాపారాన్ని ఆపలేదు. తీరం వెంబడి బానిసలను తరలించే నౌకల అధికారులు ఒక్కొక్కరి పేరు, వయస్సు, లింగం, ఎత్తు, వర్ణంతో జాబితా సమర్పించాలని మాత్రం విధించింది. దిగుమతి సరకు కాదని రుజువు చేయడానికి రాసిన ఆ జాబితాలు నేడు వంశాన్వేషకులకు పెన్నిధి. కుటుంబాలు చెదిరిన క్షణాలే పత్రాలకెక్కడం ఈ వర్గపు ప్రధాన లక్షణం. ఒకే తోటలో, ఒకే యజమాని కింద, తనవారి మధ్య జీవితమంతా గడిపిన వ్యక్తి ఏ పత్రంలోనూ కనిపించకపోయే అవకాశమే ఎక్కువ.

వెతుకులాట కోసం రాసిన పత్రాలు

1865 మార్చి 3న ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో ఏర్పడింది. 1872 వరకు పనిచేసిన ఆ సంస్థ పత్రాల్లో కూలి ఒప్పందాలు, వివాహ నమోదులు, ఆహార పంపిణీ జాబితాలు, దౌర్జన్యాలపై ఫిర్యాదులు ఉన్నాయి. అదేరోజున చట్టబద్ధత పొందిన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు 1874లో కుప్పకూలి వేలాది పేదల పొదుపును మింగేసింది. అయినా ఖాతాదారులను గుర్తించడానికి ఆ బ్యాంకు సేకరించిన వివరాలు మిగిలాయి. పుట్టిన చోటు, పెరిగిన చోటు, భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, కొన్ని పత్రాల్లో పాత యజమాని, తోట పేరు కూడా అందులో నమోదయ్యాయి. బ్యాంకుకు అవి గుర్తింపు వివరాలు. చెప్పినవారికి మాత్రం అమ్ముడుపోయిన తల్లిని, తప్పిపోయిన తమ్ముణ్ణి పేరుపెట్టి తలచుకొనే సందర్భం. 1870 గోడకు ఇవతల నిలబడి అవతలి మనుషులను చూపే పత్రాల్లో ఇవి ముఖ్యమైనవి.

అంతర్యుద్ధంలో దాదాపు 1,79,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. వారి వితంతువులు పింఛను పొందాలంటే వివాహాన్ని నిరూపించుకోవాలి. బానిసల వివాహాలకు చట్టంలో గుర్తింపు లేదు. కనుక ఎవరి సమక్షంలో పెళ్లి జరిగింది, బిడ్డలెవరు, ఎప్పుడు ఎవరికి అమ్ముడయ్యారు అనే విషయాలను తోటి బానిసలు, కొన్ని సందర్భాల్లో పాత యజమానులు కూడా ప్రమాణపూర్వకంగా చెప్పారు. చట్టం గుర్తించని బంధుత్వానికి ఆ చట్టమే సాక్ష్యం కోరగా, ఒక సమూహపు జ్ఞాపకం పత్రరూపం దాల్చింది.

పత్రికా ప్రకటనలు మరొక ఆధారం. ఫిలడెల్ఫియా నుంచి వెలువడిన 'క్రిస్టియన్ రికార్డర్', న్యూ ఆర్లియన్స్ నుంచి వెలువడిన 'సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్' వంటి పత్రికల్లో విముక్తులు తమవారి ఆచూకీ కోరుతూ ప్రకటనలు వేయించారు. రెండో పత్రికలో 'లాస్ట్ ఫ్రెండ్స్' అనే శీర్షిక దీనికోసమే నడిచింది. ఆ ప్రకటనలను ఆరాధన సమయంలో సభకు చదివి వినిపించవలసిందిగా పాస్టర్లను కోరేవారు. పేరు, పాత పేరు, యజమానుల క్రమం, విడిపోయిన చోటు, చివరిసారి చూసిన సంవత్సరం అన్నవి వీటి సాధారణ నిర్మాణం. కొన్ని పంక్తుల్లో ఇమిడిన ఈ ప్రకటనలను ఆత్మకథనాలుగా పరిగణించి అధ్యయనం చేయడానికి సాహిత్య విద్యార్థికి అవకాశముంది. విలనోవా విశ్వవిద్యాలయం ఇటువంటి ప్రకటనలను సేకరించి అందరికీ అందుబాటులో ఉంచుతోంది.

ఒక జాడ: కార్నీలియస్ హాకిన్స్

రెండు వర్గాల పత్రాలు ఎలా కలుస్తాయో తెలియడానికి 1838 నాటి ఒక అమ్మకాన్ని పరిశీలించవచ్చు. మేరీలాండ్‌లోని జెసూయిట్ గురువులు ఆ సంవత్సరం 272 మంది బానిసలను లూయిజియానా తోటల యజమానులకు 1,15,000 డాలర్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకొన్నారు. అప్పుల్లో ఉన్న జార్జ్‌టౌన్ కళాశాలకు ఆ సొమ్ములో కొంత చేరింది. అమ్మకపు జాబితాలో పేర్లు, వయస్సులు ఉన్నాయి. వారిలో కార్నీలియస్ హాకిన్స్ సుమారు 13 ఏళ్ల బాలుడు. ఆ తరువాత 1851 వరకు అతని జాడ లేదు. ఆ ఏడాది, మరణించిన యజమాని తోట ఆస్తి పట్టికలో గుర్రాలు, కంచరగాడిదలు, పందులు, ఎడ్లబండ్లతోపాటు అతడు 900 డాలర్ల విలువతో కనిపిస్తాడు.

1870 జనగణనలో కార్నీలియస్ సుమారు 48 ఏళ్ల వ్యవసాయ కూలీ, భర్త, తండ్రి. 1838 జాబితా ప్రకారం అతనికి 45 ఏళ్లే ఉండాలి. ఇటువంటి స్వల్ప భేదం ఈ పత్రాల్లో సహజం. కేవలం వయస్సు మీద ఆధారపడి వ్యక్తిని గుర్తించడం గాని, కేవలం వయోభేదం వల్ల తోసిపుచ్చడం గాని సరికాదని ఇది తెలుపుతుంది. అతని జీవితపు చివరి భాగాన్ని కాథొలిక్ చర్చి పత్రాలు చూపాయి. 1902లో మరణించిన అతని సమాధి లూయిజియానాలోని మారింగ్విన్‌లో ఉంది. ఇంటిపేరు మారకపోవడం, మతం మారకపోవడం, తోట చేతులు మారినా కుటుంబం ఒకచోటే ఉండడం వల్ల ఈ అతుకు నిలిచింది. ఈ మూడింటిలో ఏది లోపించినా 13 ఏళ్ల బాలుడూ 48 ఏళ్ల కూలీ ఒక్కరేనని చెప్పడం కష్టమయ్యేది. ఆ అమ్మకపు జాబితాలో మొదటి పేరైన ఐజక్ హాకిన్స్ పేరును 2017లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం తన భవనానికి పెట్టింది.

'ఏడుతరాలు'లోని అతుకు

ఈ నేపథ్యంలో హేలీ అన్వేషణను తిరిగి పరిశీలించాలి. తన కుటుంబంలో తరతరాలుగా చెప్పుకొన్న కథనం, గాంబియాలో ఒక కథకుని నోట విన్న వంశగాథ, నౌకా పత్రాలు, వర్జీనియా దస్తావేజు అనే నాలుగు ఆధారాలను ఆయన కలిపారు. 1767 సెప్టెంబరులో అన్నాపొలిస్ చేరిన 'లార్డ్ లిగోనియర్' నౌకలో కుంటా కింటే వచ్చాడనీ, 1768 నాటి వాలర్ కుటుంబ దస్తావేజులో కనిపించే టోబీ అతడేననీ నిర్ణయించారు. 1981లో గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ దంపతులు వర్జీనియా పత్రాలను పరిశీలించి, ఆ నౌక రాకముందే వాలర్ల వద్ద టోబీ అనే బానిస ఉన్నాడని చూపారు. ఆఫ్రికా చరిత్రకారుడు డొనాల్డ్ రైట్ గాంబియా కథకుని సాక్ష్యాన్నీ ప్రశ్నించారు. నౌకా, దస్తావేజూ నిజమైనవే. వాటిని ఒకే మనిషికి అన్వయించిన అతుకే నిలవలేదు. లెక్క కోసం రాసిన పత్రాల మౌనాన్ని హేలీ కథనంతో పూరించారు.

ఇందువల్ల 'ఏడుతరాలు' సాహిత్య విలువ తగ్గదు. దానిని చారిత్రక పత్రంగా ఉదాహరించడం మాత్రం సరికాదు. తెలుగు వలసల చరిత్రతో పోలిస్తే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయ్యాక ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరుమీదుగా అక్కడివారు వారిని కొరింగీలన్నారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస పత్రాల్లో వలసదారు పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు వంటి వివరాలు ఉంటాయి. ఒప్పంద కూలీ ఎన్ని బాధలు పడినా చట్టం దృష్టిలో ఒక తండ్రికి బిడ్డ, ఒక ఊరి మనిషి. బానిసకు ఆ రెండింటినీ పత్రం నిరాకరించింది. హేలీ పూరించబోయిన ఖాళీ సరిగ్గా ఆ రెండు గడులదే.

ఉపసంహారం

విముక్త బానిసల వంశాన్వేషణ 1870 నుంచి వెనక్కు నడిచే ప్రక్రియ. ముందుగా విముక్తులు స్వయంగా చెప్పిన బంధుత్వాలను సేకరించి, ఆ తరువాతే యజమానుల ఆస్తి పత్రాల్లో వారిని గుర్తించాలి. ఒక పేరు సరిపోయినంత మాత్రాన వ్యక్తి దొరికినట్లు కాదు. పేరు, వయస్సు, చోటు, బంధువులు కలిసి సరిపోవాలి. సరిపోనిచోట ఖాళీని ఖాళీగానే నమోదు చేయాలి. ఆ ఖాళీ బానిస వ్యవస్థ చేసిన పనికి సాక్ష్యం. దానిని కల్పనతో కప్పితే ఆ సాక్ష్యమే మరుగునపడుతుంది. 'ఏడుతరాలు' బోధించే తరగతిలో ఒక ఆస్తి పట్టికను, ఒక ఆచూకీ ప్రకటనను పక్కపక్కన ఉంచి చదివిస్తే నవలకూ చరిత్రకూ ఉన్న సంబంధం విద్యార్థులకు మరింత స్పష్టంగా అందుతుంది.