అలలుగానా, పల్సులుగానా? చెవిలోకి కరెంటు పంపిన కథ

కాక్లియర్ ఇంప్లాంట్ చరిత్ర చెప్పేటప్పుడు చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: పూర్వం అనలాగ్ యంత్రాలుండేవి, డిజిటల్ వచ్చాక అవి మూలపడ్డాయి అని. జరిగింది అంత సులువు కాదు. ఈ రెండు పద్ధతులూ ఏళ్ల తరబడి పక్కపక్కనే నడిచాయి. ఒక దశలో ఒకే కంపెనీ ఒకే పరికరంలో రెండింటినీ పెట్టి, ఏది బాగా వినిపిస్తే అది ఉంచుకోమని వినేవాళ్లకే వదిలేసింది. చివరికి పల్సులదే పైచేయి అయింది. అందుకు అసలు కారణం చిప్పుల వేగం కాదు, లోపలి చెవిలో ఉండే ఉప్పునీరు. ఆ గెలుపు కోసం వదులుకున్నదేదో చిన్నది కూడా కాదు. గత ఇరవై ఏళ్ల పరిశోధనలో పెద్ద భాగం దాన్ని తిరిగి తెచ్చుకోవడానికే ఖర్చయింది.

కాక్లియా అంటే రెండున్నర చుట్లు తిరిగి, ద్రవంతో నిండిన సన్నని గొట్టం. విప్పి చాపితే 35 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దాని మొదట్లో కీచు శబ్దాలకు, కొసన మంద్ర శబ్దాలకు స్పందించే చోట్లుంటాయి. ఆ స్పందనను నాడికి అందించేవి రోమకణాలు. అవి నశిస్తే ఎంత మంచి హియరింగ్ ఎయిడ్ పెట్టినా లాభం లేదు. అయితే వాటి వెనకున్న నాడీ తంతువులు చాలావరకు బతికే ఉంటాయి. ఇంప్లాంట్ నేరుగా వాటినే కరెంటుతో లేపుతుంది. మరి ఆ కరెంటు ఏ రూపంలో వెళ్లాలి? శబ్దతరంగం ఎలా ఎగసి పడుతుందో అచ్చం అలాగే ఎగసి పడాలన్నది అనలాగ్ దారి. శబ్దంలోంచి కావలసినంత లెక్కగట్టి, విడివిడి పల్సులుగా పంపాలన్నది రెండో దారి. వాడుకలో డిజిటల్ అంటున్నది దీన్నే.

చెవికి కరెంటు తగిలించిన తొలి మనుషుల్లో ఒకడు, బ్యాటరీ కనిపెట్టిన వోల్టా. రెండు చెవుల్లో లోహపు కడ్డీలు పెట్టుకుని, వాటిని తన బ్యాటరీకి కలిపాడు. తలలో ఒక అదురు, ఆ వెంటనే చిక్కటి పదార్థమేదో ఉడుకుతున్నట్టు చప్పుడు వచ్చాయని 1800లో రాశాడు. మళ్లీ ఆ జోలికి పోలేదు. 1957 ఫిబ్రవరి 25న పారిస్‌లో ఆంద్రే జూర్నో, షార్ల్ ఎరియెస్ కలిసి, పూర్తిగా చెవుడు వచ్చిన ఒక వ్యక్తి శ్రవణ నాడి దగ్గర తీగచుట్ట అమర్చారు. ఆయనకు శబ్దం ఉందో లేదో తెలిసింది, లయ తెలిసింది, సాధన చేశాక కొద్దిపాటి మాటలు పోల్చుకోగలిగాడు. పరికరం ఎక్కువ కాలం నిలవలేదు. కానీ ఆ వార్త ఉన్న పత్రికను ఒక రోగి తెచ్చి చూపిస్తేనే తనకు ఈ ఆలోచన పట్టుకుందని లాస్ ఏంజెలెస్ సర్జన్ విలియం హౌస్ చెప్పుకున్నారు.

హౌస్ 1961లో మొదలుపెట్టారు. ఆయన పనిలోంచి వచ్చిన పరికరానిది నికార్సైన అనలాగ్ పద్ధతి. మైకులో పడిన శబ్దాన్ని 340 నుంచి 2,700 హెర్ట్జ్ వరకు వడగట్టి, 16 వేల హెర్ట్జ్ వాహక తరంగం మీద ఎక్కించి, ఒకే ఒక్క ఎలక్ట్రోడు గుండా లోపలికి పంపేవారు. ఒక్క ఎలక్ట్రోడుతో మాటలెలా తెలుస్తాయని నాటి నాడీశాస్త్రజ్ఞులు గట్టిగా విమర్శించారు. వాళ్ల విమర్శకు ఆధారం ఉంది. నాడిని ఒకే చోట ఎంత వేగంగా తట్టినా, సెకనుకు దాదాపు 300 సార్లు దాటాక స్వరం ఇంకా పైకి పోతున్నట్టు చాలామందికి తెలియదు. మాటలోని పై స్థాయి శబ్దాలన్నీ ఆ గీతకు అవతలే ఉంటాయి. అయినా అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ పురమాయింపుతో రాబర్ట్ బిల్గర్ బృందం 13 మందిని నిశితంగా పరీక్షించి 1977లో ఇచ్చిన నివేదిక, వీటితో పెదవుల కదలిక చదవడం తేలికవుతుందని, చుట్టుపక్కల చప్పుళ్లు తెలుస్తాయని, సొంత గొంతు అదుపులోకి వస్తుందని తేల్చింది. ఆ నివేదిక వల్లే ఈ రంగం బతికిందని నా నమ్మకం. 1984లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హౌస్ పరికరాన్ని ఆమోదించింది.

ఒక ఎలక్ట్రోడు చాలదని తేలాక, పలు ఎలక్ట్రోడుల మీదికి శబ్దాన్ని ఎలా పంచాలన్నది తర్వాతి సమస్య. మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందానికి ఇక్కడ ఎదురైన అనుభవం అందరూ తెలుసుకోదగ్గది. చెవి సహజంగా ఎలా పనిచేస్తుందో అలాగే చేద్దామని, శబ్దాన్ని పట్టీలుగా విడగొట్టి పలు ఎలక్ట్రోడులకు ఒకేసారి పంపే ప్రాసెసర్ చేశారు. 1978లో తొలి ఇంప్లాంట్ పెట్టాక దాన్ని ప్రయత్నిస్తే మాట కలగాపులగమైంది. కారణం ఆ ఉప్పునీరే. కాక్లియాలోని ద్రవం కరెంటుకు మంచి వాహకం. పక్కపక్కనున్న ఎలక్ట్రోడుల కరెంట్లు, ఒకే కాలవలోకి ఒకేసారి వదిలిన నాలుగు తూముల నీళ్లలా, నాడిని చేరేలోపే కలిసిపోతాయి. ఒకదాని తరంగం పైకి లేచినప్పుడే పక్కదీ లేస్తే శబ్దం చెవులు చిల్లులు పడేలా పెరుగుతుంది. ఎదురెదురైతే రెండూ చప్పబడతాయి. ఏ శబ్దం ఏ ఎలక్ట్రోడుదో నాడికి తెలిసే దారే లేదు.

దాంతో క్లార్క్ బృందం ప్రకృతిని అనుకరించడం పక్కనపెట్టి, మాటలోంచి రెండే విషయాలు ఏరుకుంది. గొంతు కంపించే వేగం పల్సుల వేగాన్ని నిర్ణయిస్తుంది. అచ్చులను వేరుచేసే రెండో ఫార్మెంటు, అంటే నోటిలో రెండో ప్రధాన ప్రతిధ్వని, ఏ ఎలక్ట్రోడు తట్టాలో నిర్ణయిస్తుంది. ఒక క్షణానికి ఒకే ఎలక్ట్రోడు. ఈ దారిలో వచ్చిన న్యూక్లియస్ పరికరం 1985లో పెద్దలకు, 1990లో రెండేళ్లు నిండిన పిల్లలకు ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. నాకిది తెలివైన రాజీగా కనిపిస్తుంది. మాటలో ఏది ముఖ్యమో ఇంజనీరు ముందే తీర్పు చెప్పేశాడు. ఆ తీర్పులో లేనిది వినేవాడికి అందదు.

అదే కాలంలో అనలాగ్ చచ్చిపోలేదు. వియన్నాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హాఖ్‌మెయిర్ దంపతుల ఒక ఛానెల్ అనలాగ్ పరికరంతో కొందరు పెదవులు చూడకుండానే మాటలు అర్థం చేసుకున్నారు. అమెరికాలో యూటాలో డొనాల్డ్ ఎడింగ్టన్ బృందం ఇనెరెయిడ్ తయారుచేసింది. కృత్రిమ గుండె జార్విక్-7ను తయారుచేసిన సింబియన్ కంపెనీయే దీన్నీ తయారుచేసేది. ఈ పరికరం శబ్దాన్ని అణచి, నాలుగు పట్టీలుగా విడగొట్టి, నాలుగు ఎలక్ట్రోడుల మీదికి ఒకేసారి అనలాగ్‌గానే వదిలేది. ఎలక్ట్రోడుల నడుమ 4 మిల్లీమీటర్ల ఎడం ఉండటం వల్ల కరెంటు కలగలుపు కాస్త తగ్గింది. అన్నిటికంటే ముఖ్యమైన విశేషం ఒకటుంది. చెవి వెనక చర్మం గుండా ఒక ప్లగ్గు బయటికి వచ్చేది. ఇన్‌ఫెక్షన్ భయం ఉన్నా, ఆ ప్లగ్గు వల్ల పరిశోధకులు తమకు నచ్చిన ఏ సిగ్నల్‌నైనా నేరుగా ఎలక్ట్రోడుకు పంపి చూడగలిగేవారు.

ఆ ప్లగ్గే చరిత్ర మలుపు తిప్పింది. నార్త్ కరోలినాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్‌లో బ్లేక్ విల్సన్ బృందం ఇనెరెయిడ్‌తో ఏళ్లుగా వింటున్న, అనలాగ్‌తో మంచి ఫలితాలున్న ఏడుగురిని తీసుకుంది. శబ్దాన్ని పట్టీలుగా విడగొట్టడం మామూలే. తరంగాన్ని మాత్రం పంపలేదు. ప్రతి పట్టీలో శబ్దం తీవ్రత క్షణక్షణం ఎలా పెరిగి తగ్గుతుందో, ఆ పైగీతను మాత్రమే తీసుకున్నారు. దాని ప్రకారం పల్సుల ఎత్తు మార్చారు. పల్సులు చాలా వేగంగా వస్తాయి గాని, ఏ రెండు ఎలక్ట్రోడులూ ఒకేసారి పలకవు. ఒకటి ఆగాకే ఇంకొకటి. ప్రతి పల్సులోనూ ధన, రుణ భాగాలు సమానం, కణజాలానికి హాని లేకుండా. దీని పేరు కంటిన్యువస్ ఇంటర్‌లీవ్డ్ శాంప్లింగ్, పొట్టిగా సీఐఎస్.

ఏడుగురికి ఏడుగురూ కొత్త పద్ధతితో మెరుగ్గా విన్నారు. అనలాగ్‌తో ఏళ్ల అలవాటు ఉన్నా, సీఐఎస్‌తో కొద్ది గంటల పరిచయమే ఉన్నా. 1991 జులైలో ‘నేచర్’లో వచ్చిన ఆ పత్రం రచయితల్లో ఎడింగ్టన్ ఒకరు. తన పరికరంలోని పద్ధతిని మించిపోయిన పద్ధతిని లోకానికి చాటే పత్రంలో ఆయన పేరుండటం నాకు ఎంతో గౌరవంగా అనిపిస్తుంది. విల్సన్ బృందం సీఐఎస్‌ను పేటెంటు కంచె లేకుండా అందరికీ వదిలేసింది. పెద్ద కంపెనీలన్నీ దాన్నో, దాని సంతతినో వాడుకున్నాయి. 2013లో లాస్కర్ పురస్కారం క్లార్క్, ఇంగెబోర్గ్ హాఖ్‌మెయిర్, విల్సన్‌లకు కలిపి వచ్చింది.

ఇంత జరిగాక కూడా అనలాగ్‌కు ఇంకో అవకాశం దొరికింది. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ కంపెనీ చేసిన, 1996లో ఆమోదం పొందిన క్లారియన్ పరికరంలో సీఐఎస్‌తో పాటు అనలాగ్ పద్ధతి కూడా ఉండేది. దానికే తర్వాత సైమల్టేనియస్ అనలాగ్ స్టిమ్యులేషన్ అన్న పేరు స్థిరపడింది. లెక్కంతా డిజిటల్‌గానే జరిగినా, ఒక్కో ఛానెల్‌కు సెకనుకు 13 వేల నమూనాల చొప్పున అందడంతో కరెంటు నిజమైన తరంగంలాగే నడిచేది. కరెంటు చెదరకుండా పక్కపక్క ఎలక్ట్రోడులను జతలుగా వాడారు. అలా వాడితే ఎక్కువ కరెంటు కావాలి, కొందరికి చాలినంత శబ్దం వచ్చేదే కాదు. ఎక్కువమంది సీఐఎస్ వైపే మొగ్గారు. కానీ ఒక వర్గం మాత్రం అనలాగే సహజంగా ఉందని దాన్నే పట్టుకుంది. ఎలక్ట్రోడును నాడికి దగ్గరగా నెట్టే పొజిషనర్ అనే చిన్న ముక్క అనలాగ్‌కు సాయపడింది గాని, మెదడు పొరల వాపు ప్రమాదం ఎక్కువగా కనిపించడంతో 2002లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. తర్వాతి తరం పరికరాల్లో పల్సులదే రాజ్యం.

అనలాగ్‌ను ఇష్టపడ్డవాళ్ల మాటను వట్టి అలవాటుగా కొట్టిపారేయడం తప్పు. వాళ్లు విన్నదానికి ఆధారం ఉంది. 1995లో రాబర్ట్ షానన్ బృందం, శబ్దాన్ని నాలుగే పట్టీల తీవ్రతకు కుదించినా మామూలు చెవులు కొంత సాధనతో మాటను దాదాపు పూర్తిగా పట్టుకోగలవని చూపింది. సీఐఎస్ ఎందుకు పనిచేస్తుందో దీంతో అర్థమైంది. 2002లో జకరీ స్మిత్, బెర్ట్రాండ్ డెల్‌గూట్, ఆండ్రూ ఆక్సెన్‌హామ్ రెండు వేర్వేరు శబ్దాలను అతుకువేసి వినిపించారు, ఒకదాని తీవ్రత, ఇంకోదాని సూక్ష్మ కంపనం. మాట తీవ్రతను అనుసరించింది, రాగం సూక్ష్మ కంపనాన్ని అనుసరించింది. సీఐఎస్ పారేసింది ఆ సూక్ష్మ కంపనాన్నే. అందుకే ఇంప్లాంట్‌తో వినేవారికి కీర్తనలో తాళం అందుతుంది, సాహిత్యం అందుతుంది, గమకం జారిపోతుంది. అమెరికన్ రచయిత మైకల్ కొరోస్ట్ తాను వినగలిగిన రోజుల్లోని రావెల్ స్వరరచన ‘బొలేరో’ను ఇంప్లాంట్‌తో మళ్లీ పూర్తిగా వినాలని పడిన తపన రాశారు. అదంతా ఈ లోటు గురించే.

తెలుగు నేల మీదికి ఇంప్లాంట్ పెద్దఎత్తున వచ్చింది పల్సుల కాలంలోనే. ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్ చేర్చడంతో, లక్షలు పెట్టలేని ఇళ్ల పిల్లలకూ ఇది దక్కింది. విశాఖలో టార్పెడోలు రూపొందించే రక్షణ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ స్వదేశీ ఇంప్లాంట్ రూపకల్పనకు పూనుకుంది. మన భాష సీఐఎస్‌కు కొంత అనుకూలమే. పడు–పాడు, వడ–వాడ, గడి–గడ్డి వంటి తేడాలు కాలవ్యవధిలో ఉంటాయి, తీవ్రత గీత వాటిని బాగా మోస్తుంది. పాడు–పాదు, వేళ–వేల తేడాలు అలా కాదు. నాలుక ఎక్కడ తాకిందో చెప్పే ఫార్మెంటు కదలికలు కొన్ని పదుల మిల్లీసెకన్లలో వచ్చి పోతాయి. పట్టీలు ఎంత సన్నగా విడిపోతే అవి అంత తెలుస్తాయి. ఏవీటీ (విని మాట్లాడటం నేర్పే థెరపీ) తరగతుల్లో పిల్లలచేత ఈ జంటలు పలికించే థెరపిస్టులు నిజానికి ఈ పాత ఇంజనీరింగ్ చర్చ మిగిల్చిన ఖాళీని చేత్తో పూడుస్తున్నారు. వాళ్ల పనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కడం లేదు.

వదిలిన సూక్ష్మ కంపనాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నాలు రెండు దారుల్లో సాగాయి. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ పక్కనున్న రెండు ఎలక్ట్రోడులకు ఒకేసారి కరెంటు పంపి, వాటి పాళ్లు మార్చి, మధ్యలో ఎలక్ట్రోడు లేని చోట కూడా నాడిని లేపింది. ఒకప్పుడు అనలాగ్‌ను దెబ్బతీసిన కలగలుపునే పనిముట్టుగా చేసుకుంది. హాఖ్‌మెయిర్ దంపతుల కంపెనీ మెడ్-ఎల్ మంద్ర పట్టీల్లో తరంగం సున్నా గీత దాటే క్షణాలకు పల్సులను కట్టింది, అనలాగ్ మోసిన కాల సమాచారం కొంతైనా పల్సులతో అందేలా. ఫలితాలు మనిషికో తీరుగా ఉన్నాయి.

జర్మనీలోని గోటింగెన్‌లో టోబియాస్ మోసర్ బృందం మూలానికే వెళ్లింది. నాడీకణాలకు వెలుతురుకు స్పందించే ప్రోటీన్ జన్యువును అందించి, కరెంటు బదులు కాంతితో లేపే పద్ధతిని జంతువులపై పరీక్షిస్తోంది. కాంతి ఉప్పునీటిలో కరెంటులా వ్యాపించదు, ఒక చోటికి గురిపెట్టవచ్చు. ఛానెళ్లు కలిసిపోనప్పుడు వంతులు వేసుకోవలసిన అవసరం ఉండదు. మెల్‌బోర్న్ బృందం 1978లో పక్కనపెట్టక తప్పని పద్ధతి, అన్ని పట్టీలనూ ఒకేసారి పంపడం, అప్పుడు మళ్లీ ప్రయత్నించి చూడవలసినదే అవుతుంది.