ఫైలు - కవిలె

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల కచ్చేరీలలో నిత్యము వినవచ్చు నాంగ్లపదములలో ఫైలు ముఖ్యమైనది. ప్రభుత్వపు వ్రాఁతలలో దస్త్రమను మాట యున్నను, జనుల నోట ఫైలే నిలిచినది. ఈ పదము పుట్టుక విచారింపఁదగియున్నది.

లాటిను భాషలో ఫీలుం అనఁగా దారము. అది ఫ్రెంచిలో ఫిల్ అయి, కాగితములను దారమునఁ గ్రుచ్చుట యను నర్థముతో నాంగ్లమునఁ బ్రవేశించెను. పూర్వ మింగ్లండు న్యాయస్థానములలో కాగితములను దారమునకుఁ గాని తీఁగకుఁ గాని గ్రుచ్చి భద్రపఱచెడివారు. కావునఁ దొలుత ఫైలనఁగా దారమే. పిదప దానఁ గ్రుచ్చిన కాగితములు. ఆపై వానిని పెట్టెడు అట్ట. నేఁడు కంప్యూటరులోని లేఖనము. వరుస యను నర్థముగల ఫైలును ఈ దారమునుండియే పుట్టినది. ఆకురాయి యను నర్థముగల ఫైలు మాత్రము వేఱు. అది జర్మానిక కుటుంబమునకుఁ జెందిన ప్రాచీనాంగ్లపదము.

మన కరణములు తాటాకులకు బెజ్జము వేసి, త్రాట గ్రుచ్చి కట్టిన లెక్కలకుఁ గవిలె యని పేరు. సంస్కృతమున సూత్రమనఁగా దారము. గ్రంథశబ్దమునకు మూలమైన ధాతువునకుఁ గూర్చుట, ముడివేయుట యని యర్థము. ఇంతమాత్రమున ఫైలును సంస్కృతజన్య మనరాదు. ఇది భావసామ్యమే కాని పదసంబంధము కాదు. విడియాకులకు వరుస కావలెను. వరుసకు దారము కావలెను. ఒక యవసరమే రెండు దేశములలో నొక భావమును పుట్టించినది. పారసీకపు దఫ్తరు శబ్దమున కీ త్రోవ లేదు. దాని మూలమైన గ్రీకు పదమునకుఁ దోలు అని యర్థము.

జగ్గయ్యపేటకుఁ బూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుఁడు తన తండ్రి జగ్గన్న పేర దానికిఁ గ్రొత్తపేరు పెట్టెను. అచ్చటి బౌద్ధస్తూపమును 1882 లో బర్జెస్ దొర పరిశోధించెను. అందలి యిక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షపు శాసనములు శిలాస్తంభములపై నుండుటచే దారము లేకయే నిలిచినవి. కవిలె యట్టిది కాదు. త్రాడు తెగిన వరుస చెడును, వరుస చెడిన నే యాకు ఏ పొలమునకుఁ జెందినదో తెలియదు. 1984 లో కరణముల యుద్యోగములు రద్దయినవి. 1985 లో మండలము లేర్పడినవి. 2022 లో నీ ప్రాంతము కృష్ణాజిల్లానుండి యెన్‌.టి.ఆర్‌. జిల్లాలోఁ జేరినది. పాలనము మాఱునపుడెల్ల పాఁత వ్రాఁతలు చేతులు మాఱును. ఇండ్లలో మిగిలిన కవిలెలు కనఁబడినచోఁ బండితులు ముందుగాఁ ద్రాడు విప్పక, ఆకుల కంకెలు వేసి, పిదపనే నకలు తీయించుట మేలు. వరుస పోయిన పిమ్మట నక్షరము దక్కినను సాక్ష్యము దక్కదు.