పందివెంట్రుక బ్రష్షు: చెప్పులు కుట్టేవారి అక్కర నుండి గడ్డపు నురగ వరకు

నూజివీడు మామిడితోటల నడుమ ఉన్న ఆగిరిపల్లి వంటి ఊరిలో (2022 వరకు కృష్ణా జిల్లా, ఆ పిమ్మట ఏలూరు జిల్లా) ఒక ముస్లిం గృహస్థుడు గడ్డానికి నురగపట్టే బ్రష్షు కొనబోతే అంగడివాడు రెండు మూడు రకాలు ముందు పెడతాడు. ఇది మెత్తన, ఇది బిరుసు, ఇది తెల్లది, ఇది నల్లచారలది అంటాడు. గడ్డం పెంచుకొనేవారికి ఈ చర్చ దేనికని అనుకోరాదు. మెడ, చెక్కిళ్ళు సవరించుకొనేవారికీ, హజ్ చేసి తల గొరిగించుకొనేవారికీ ఈ పనిముట్టు తగులుతూనే ఉంటుంది. అసలు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ వెంట్రుక ఏ జంతువుది?

బ్రష్షుల వర్తకంలో ‘బ్రిసిల్’ అంటే పందివెంట్రుకే. పిడిపై ‘ప్యూర్ బ్రిసిల్’ అని అచ్చువేసి ఉంటే అందులో కల్తీ లేదని, అంతా పందివెంట్రుకేనని అర్థం. ‘ప్యూర్’ అనే మాటను పరిశుద్ధతగా భావించి కొన్నవారు కొందరైనా ఉండకపోరు! పంది వెన్నుమీది వెంట్రుక అన్నిటికంటె పొడుగు, బిరుసు. కొన చీలి ఉండటం దాని ప్రత్యేక లక్షణం. ఆ చీలికలు నీటినీ నురగనూ పట్టి ఉంచుతాయి. కొత్త బ్రష్షు గరుకుగా ఉండి, వాడగా వాడగా కొనలు మరింత చీలి మెత్తబడుతుంది. తెల్లదానికి రంగుచారలు అద్ది బ్యాడ్జర్ అనే అడవిజంతువు వెంట్రుకలా కనిపింపజేయటం కూడ వర్తకులకు అలవాటే. చైనా వెంట్రుకకు లోకమంతటా గిరాకీ ఉండేది. బ్రిటిషు పాలనలో కాన్పూరు, జబల్పూరుల నుండి కూడ ఈ సరుకు లండను అంగళ్ళకు పోయేది. తెలుపు నలుపు, పొడుగు పొట్టి అన్నవి వర్తకుని తరగతులు. షరీఅత్ దృష్టిలో వాటికి లెక్క లేదు.

అయితే పందివెంట్రుకను గూర్చి ధర్మవేత్తలు ఏనాడూ మాట్లాడలేదనుకోవటం సరికాదు. గడ్డపు బ్రష్షు పుట్టక పూర్వం వందల ఏండ్ల క్రితమే ఈ సమస్య చెప్పులు కుట్టేవారి నుండి వచ్చింది. తోలుకు ఆరెతో రంధ్రం చేసి, మైనం పూసిన దారపు కొనకు పందివెంట్రుకను పేని, దానినే వంగే సూదిగా వాడి దారాన్ని దూర్చేవారు. మేజోళ్ళు, జీనులు, నీటితిత్తులు ఇట్లాగే కుట్టబడేవి.

దివ్యఖుర్ఆన్ పందిమాంసాన్ని నిషేధించింది. ‘అన్ఆమ్’ సూరా 145వ ఆయత్‌లో ‘అది మలినం’ అన్న మాట మాంసాన్ని ఉద్దేశించిందా, పందినే ఉద్దేశించిందా అన్నదానిపై పండితులు దీర్ఘంగా చర్చించారు. మాలికీలు వెంట్రుకలో ప్రాణం లేదు గనుక అది పరిశుద్ధమే అన్నారు. షాఫయీలు అపరిశుద్ధమన్నారు. బస్రా నగరంలో ఒకే కాలంలో జీవించి, హి.శ. 110లోనే మరణించిన ఇద్దరు మహనీయులలో హసన్ బస్రీ కుట్టుపనికి దానిని అనుమతించగా, ఇబ్నె సీరీన్ అయిష్టపడ్డారు. ఇమాం అహ్మద్ నారతో కుట్టటమే తమకు ఇష్టమన్నారని ఇబ్నె ఖుదామా తమ ‘అల్ ముగ్నీ’లో పేర్కొన్నారు.

తెలుగు ముస్లింలలో అత్యధికులు హనఫీలు గనుక ఆ పక్షాన్ని కొంచెం వివరంగా చూడాలి. హి.శ. 593 (క్రీ.శ. 1197)లో మరణించిన మర్గీనానీ తమ ‘హిదాయా’లో చెప్పిందిది: పంది నజిసుల్ ఐన్, అనగా స్వరూపంలోనే మలినం, అందువల్ల దాని వెంట్రుక అమ్మకం చెల్లదు, కాని అది లేక ఆ పని జరగదు గనుక కుట్టుపనికి మాత్రం వాడవచ్చు. ఊరకే దొరికే వస్తువు గనుక కొనవలసిన అక్కరా లేదన్నారు. ఫఖీహ్ అబుల్లైస్ సమర్‌ఖందీ మరింత లోకజ్ఞులు. కొంటేనే గాని దొరకని చోట చెప్పులు కుట్టేవారు కొనవచ్చునన్నారు. ఈ ‘హిదాయా’నే 1791లో ఛార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి తెచ్చారు, కంపెనీ న్యాయస్థానాలు దానినే ముందు పెట్టుకొని తీర్పులు చెప్పాయి.

ఇక్కడ ఇమాం అబూ హనీఫా శిష్యులిద్దరి మధ్య ఒక భేదం ఉంది. ఆ వెంట్రుక కొద్దిపాటి నీటిలో పడితే ఏమవుతుంది? వాడుకకు అనుమతి ఉన్నదంటేనే అది పరిశుద్ధమని రుజువు, నీరు చెడదు అన్నారు ఇమాం ముహమ్మద్. ఇమాం అబూ యూసుఫ్ వాదం వేరు. అనుమతి అక్కర వల్ల వచ్చింది. అక్కర కుట్టేటప్పుడే గాని నీటిలో పడినప్పుడు కాదు. కనుక నీరు చెడుతుంది. ఒకే అనుమతి నుండి ఇద్దరూ రెండు దారులు తీశారు. అబూ యూసుఫ్ మాటలోని సూక్ష్మం నేటి బ్రష్షుకు నేరుగా తగులుతుంది. బ్రష్షు చేసే పనే చెంబులోని నీటిలో మునగటం, తడిమొగాన తిరగటం. పొడిగా తగిలిన మలినం అంటుకోదు, తడిసినది అంటుకుంటుంది. చెప్పు కుట్టేవానికి ఉన్న వెసులుబాటును గడ్డం గీసుకొనేవానికి ఎరువివ్వటం అందుకే కష్టం.

డమాస్కస్ పండితులు, 1836లో మరణించిన ఇబ్నె ఆబిదీన్ తమ ‘రద్దుల్ ముహ్‌తార్’లో అల్లామా మఖ్దిసీ అభిప్రాయాన్ని ఉటంకించారు: తమ కాలంలో చెప్పులు కుట్టేవారికి ఆ వెంట్రుకతో పని తీరిపోయింది. కారణం తొలగితే అనుమతీ తొలగుతుందని దాని తాత్పర్యం. ఇది నైలాను పుట్టక ఎంతో పూర్వపు మాట అన్నది గమనార్హం. 1938లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థవారి నైలాను పళ్ళబ్రష్షులోకి వచ్చింది. ఆ పిమ్మట అటువంటి కృత్రిమ పోగులు గడ్డపు బ్రష్షులోకీ వచ్చాయి. నేడు మెత్తని పోగుల బ్రష్షు పట్టణాల అంగళ్ళలో దొరుకుతుంది. అక్కర అన్న మాటకు ఇక తావెక్కడ?

గుర్రపు వెంట్రుక, బ్యాడ్జర్ వెంట్రుక సంగతి వేరు. పంది తప్ప తక్కిన చచ్చిన జంతువుల వెంట్రుక హనఫీల దృష్టిలో పరిశుద్ధమే. షాఫయీలు దీనినీ అంగీకరించరు. గుర్రపు వెంట్రుకకు మరొక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సరిగా శుద్ధిచేయని వెంట్రుకల బ్రష్షుల ద్వారా ఆంత్రాక్స్ వ్యాధి సోకి కొందరు మరణించారు. 1920లో బ్రిటను జపాను గడ్డపు బ్రష్షుల దిగుమతిని నిషేధించింది.

కొనేవాడు పోల్చుకొనటం ఎట్లా? ఒక పోగు లాగి నిప్పుకు చూపితే నైలాను కరిగి ముద్దకడుతుంది. వెంట్రుక చురచుర కాలి, కాలిన జుట్టు వాసన కొడుతుంది. కాని ఆ వెంట్రుక పందిదో గుర్రానిదో నిప్పు చెప్పదు. కొన చీలి ఉన్నదేమో వెలుతురులో చూడాలి, పిడిమీది అక్షరాలు చదవాలి. సెలూనులో పది మొగాలపై తిరిగే బ్రష్షుకైతే ఆ పరీక్ష కూడ సాధ్యం కాదు. అక్కడికి తన బ్రష్షు తాను తీసుకుపోవటమే మార్గం. ఇదివరకే ఇంట పందివెంట్రుక బ్రష్షు ఉన్నవారు దానిని సబ్బుతో ఎన్నిమార్లు కడిగినా నజిసుల్ ఐన్ కడుగుడుతో శుద్ధి కాదని హనఫీ గ్రంథాల నిర్ణయం. కడగవలసినవి అది తడిగా తాకిన చెంబు, చేయి, మొగం.