కొండసీమలో మంచినీటి బావి

నాగావళి, వంశధార అనే పేర్లు ఉత్తరాంధ్ర వాసులకు కొత్తవి కావు. శ్రీకాకుళం పట్టణం నాగావళి ఒడ్డున వెలసింది. వంశధార కాలువల కింద పండే వరిని నమ్ముకొని బతుకుతున్న పల్లెలు ఎన్నో ఉన్నాయి. ఈ రెండు నదులూ పుట్టి పెరిగేది కలహండి, రాయగడ కొండలలోనే. సాలీనా సుమారు 1500 మిల్లీమీటర్ల వాన కురిసే ప్రాంతమది. దిగువనున్న మైదానాలకు ఇన్ని నీళ్లు పంపే ఆ కొండసీమలో తాగేందుకు ఒక్క బిందె మంచినీటి కోసం స్త్రీలు తెల్లవారకముందే లేచి గెడ్డ దాకా దిగి, మళ్లీ ఎక్కి రావలసి రావడం ఎంతటి వైపరీత్యమో ఆలోచించవలసిన విషయం.

దీనికి మొదటి కారణం నేల స్వభావం. తూర్పు కనుమలలో ఈ భాగమంతా కఠిన శిల. ఇక్కడ విరివిగా కనిపించే ఒక రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఈ కొండలలో నివసించే కోందుల నుంచి వచ్చిందే. ఇటువంటి రాతిలో నీరు ఇసుక నేలలో వలె అంతటా నిలవదు. పైపొరలో శిథిలమైన మట్టిలోనూ, దాని కింద పగుళ్లలోనూ మాత్రమే దొరుకుతుంది. పలుగు, పారలతో తవ్విన బావి రాయి తగలగానే ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి ఆ బావి ఎండుతుంది. అందువల్ల తరతరాలుగా ఇక్కడి జనం గెడ్డల పక్కన, పొలాల దిగువన చెలమ తీసి, ఊరిన నీటిని సొరకాయ బుర్రతోనో చిప్పతోనో తోడుకొని బతికారు. ఎండకాలంలో ఆ చెలమ తేటగానే ఉంటుంది. ప్రమాదమంతా తొలకరితో వస్తుంది. మొదటి వానలకు కొండ మీది మలినమంతా కొట్టుకువచ్చి చెలమలో చేరుతుంది. అతిసారం, కలరా ఈ సీమలో వేసవిలో కంటె శ్రావణ, భాద్రపదాలలో ఎక్కువగా విజృంభించడానికి కారణమిదే.

నేడు కోరాపుట్, రాయగడ ఒడిశా రాష్ట్రంలో ఉన్నా, 1936 మార్చి నెలాఖరు వరకు ఇవన్నీ మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ భాగాలు, జయపురం జమీందారీ గ్రామాలు. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు కోరాపుట్ జిల్లా అందులో చేరింది. 1992 అక్టోబరులో ఆ జిల్లాను విభజించి రాయగడను వేరు జిల్లా చేశారు. సరిహద్దు గీత మారినా రాకపోకలు మారలేదు. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంది. సాలూరు సంతకు కొండ దిగి రావడం ఆగలేదు.

ఈ సీమకు క్రైస్తవ మిషనరీలు వచ్చిన దారి కూడా సాలూరు మీదుగానే సాగింది. జర్మనీ ఉత్తర భాగంలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రాంతంలో, బ్రెక్లుమ్ అనే చిన్న గ్రామంలో క్రిస్టియన్ యెన్సెన్ అనే మతాచార్యుడు 1876లో ఒక లూథరన్ మిషన్ సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం పంపిన హెర్మన్ బోత్‌మన్, ఎర్నెస్ట్ పోల్ 1882లో కోరాపుట్ చేరారు. అనతికాలంలోనే సాలూరు కూడా ఆ మిషన్‌కు ముఖ్య స్థానమైంది. మన్యపు జ్వరానికి బలైన వారి సమాధులు ఈ ప్రాంతంలో తక్కువేమీ కావు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ మిషనరీలను శత్రుదేశీయులుగా ఎంచి నిర్బంధించి, తరువాత స్వదేశానికి పంపివేశారు. అప్పుడు ఆంధ్ర ప్రాంతంలో పనిచేస్తున్న అమెరికన్ లూథరన్లు ఆ సంఘాల బాగోగులు చూశారు. యుద్ధానంతరం 1920లో ఉత్తర ష్లెస్విగ్ ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా డెన్మార్కులో కలిసింది. దరిమిలా తూర్పు జయపురం ప్రాంతంలో డేనిష్ మిషనరీలు కూడా పాలుపంచుకొన్నారు. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. ఎక్కడో బాల్టిక్ తీరంలో గీసిన ఒక సరిహద్దు గీత బిస్సంకటక్ పల్లెలలో ఎవరు వైద్యం చేయాలో నిర్ణయించడం చరిత్రలోని వింతలలో ఒకటి.

ఆ తొలి తరం మిషనరీలు బావులు తవ్వడానికి వచ్చినవారు కారు. సువార్త, బడి, వైద్యం అనే మూడే వారి పట్టికలో ఉండేవి. నీటి ప్రశ్నను ముందుకు తెచ్చింది వైద్యమే. డేనిష్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో బిస్సంకటక్‌లో క్రైస్తవ ఆసుపత్రిని స్థాపించారు. ఆమె అక్కడ ఎదుర్కొన్నది మలేరియా, క్షయ, కాన్పు కష్టాలు, వాటితో పాటు నీటి వలన సంక్రమించే జబ్బులు. అతిసారంతో వచ్చిన బిడ్డకు నయం చేసి ఇంటికి పంపితే, ఆ బిడ్డ తిరిగి తాగేది అదే చెలమ నీరు. ఆసుపత్రి వైద్యం ఊరి బావి దాకా వెళ్లకపోతే చేసిన పని మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుందన్న సంగతి ఇటువంటి ఆసుపత్రులలో పనిచేసిన వారందరికీ అనుభవమే.

ఇక్కడ ఒక ప్రశ్న రాకమానదు. నీరిచ్చి మతం పుచ్చుకొమ్మంటారా? ఈ సందేహం నేటిది కాదు. తెలుగుదేశంలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. 1876-78 నాటి ధాత కరవులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొని వేలాది పేదలకు కూలి కల్పించాడు. ఆ కరవు పని సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు నిలిపివేశాడు. కూటి కోసం వచ్చినవారెవరో, విశ్వాసంతో వచ్చినవారెవరో వేరుచేయడం అసాధ్యమని ఆయన ఎరుగును. పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. దీనిని రెండు విధాలుగానూ చదువుకోవచ్చు. సహాయానికీ మతానికీ నడుమ గీత గీయవలసిన అవసరాన్ని మాత్రం మిషనరీలలో వివేకవంతులు ఆనాడే గుర్తించారన్నది నిర్వివాదం. 1967లో ఒరిస్సా శాసనసభ మత స్వాతంత్ర్య చట్టం చేసి, బలప్రయోగంతోనో ప్రలోభంతోనో మతం మార్పించడాన్ని నేరంగా ప్రకటించడంతో ఆ గీత న్యాయశాస్త్రంలోకి కూడా వచ్చింది.

యంత్రాల సంగతికి వస్తే, అసలు మార్పు 1960ల నాటిది. అంతవరకు కఠిన శిలలో బోరు వేయడమంటే బరువైన ఉక్కు ఉలిని తాడుతో ఎత్తి పడవేస్తూ అంగుళం అంగుళంగా రాయిని పిండి చేయడమే. ఒక్కొక్క బోరుకు వారాలు, ఒక్కొక్కచోట నెలలు పట్టేవి. సంపీడిత వాయువుతో నడిచే సుత్తి రాతి అడుగునే దెబ్బ కొట్టే కొత్త పద్ధతి వచ్చాక అదే పని ఒకటి రెండు రోజులకు తగ్గింది. మహారాష్ట్రలోని జాల్నాలో స్కాట్లండ్ చర్చి మిషన్ చేపట్టిన పని ఈ రంగంలో తొలి ప్రయత్నాలలో ఒకటి. 1966-67లో బీహారు, ఉత్తరప్రదేశ్‌లను కరవు పట్టి పీడించినప్పుడు ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ ఇటువంటి యంత్రాలను విమానాలలో తెప్పించింది. 1966లోనే కాథలిక్, ప్రొటెస్టెంట్ సంస్థలు కలిసి ఆహారోత్పత్తి కోసం నెలకొల్పిన ఆఫ్రో సంస్థ భూగర్భ జల పరిశోధనను, బోరు పనిని స్వచ్ఛంద సంస్థలకు నేర్పింది. అంతవరకు నీటి జాడ చెప్పడం అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకొని నడిచేవారి విద్య. ఆ విద్య నేటికీ పూర్తిగా పోలేదు. శాస్త్రజ్ఞుడు చూపిన చోట నీరు పడకపోయిన రోజున దాని పరపతి రెట్టింపవుతుంది కూడా!

నీరు పడితే చాలదు, దానిని పైకి తేవాలి. ప్రారంభంలో బిగించిన పోత ఇనుప పంపులు ఒక కుటుంబానికి తగినవే తప్ప, రోజంతా ఊరంతా కొట్టే బోరింగుకు పనికివచ్చేవి కావు. 1970ల నడుమ జరిపిన పరిశీలనలలో దేశంలోని చేతి పంపులలో దాదాపు నాలుగింట మూడు వంతులు పనిచేయడం లేదని తేలింది. లక్షలు పోసి వేసిన బోర్లు పిడి విరిగి మూగపోయి ఉండేవి. జాల్నా, షోలాపూర్ మిషన్ల పనివారు ఉక్కుతో, ఒకే ఇరుసు మీద తిరిగే పిడితో, గొలుసుతో తయారుచేసిన పంపులు మాత్రం ఏళ్ల తరబడి నిలిచాయి. ఈ షోలాపూర్ నమూనాను ఆధారంగా చేసుకొని భారత ప్రభుత్వం, యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కర్మాగారం కలిసి రూపొందించినదే ఇండియా మార్క్ టూ చేతిపంపు. కోయంబత్తూరు ప్రాంతంలో పరీక్షించి 1970ల చివరి సంవత్సరాలలో ఉత్పత్తి ప్రారంభించారు. 1990ల నాటికి ప్రపంచవ్యాప్తంగా ఇవి లక్షల సంఖ్యలో పాతుకున్నాయి. ఆఫ్రికా పల్లెలలో కనిపించే ఆ పొడవాటి ఇనుప పిడికి మూలం మహారాష్ట్ర మిషన్ కార్ఖానాలన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

కోరాపుట్, రాయగడ కొండలకు ఈ బోరింగు వచ్చినప్పుడు దానితో పాటు కొత్త చిక్కులూ వచ్చాయి. బోరు లారీ బరువైనది, దాని వెంట గాలి యంత్రం మరొక బరువు. రోడ్డున్న ఊరికే అది వెళ్లగలదు. కొండ నెత్తిన పదిహేను ఇళ్లు గల కోందు గూడేనికి అది చేరదు. ఫలితంగా నీటి అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడ బోరు పడలేదు, బాట ఉన్న చోటనే పడింది. దిగువ ఊళ్లో రెండు బోరింగులు, ఎగువ గూడెంలో పాత చెలమ. పడిన చోటనైనా కొన్ని బోర్ల నీటిలో ఇనుము పాలు ఎక్కువ. నీరు నిలవ ఉంచితే ఎర్రబారుతుంది, పప్పు సరిగా ఉడకదు, రుచి తుప్పు. గెడ్డ నీరు తియ్యగా ఉందని జనం మళ్లీ అటే నడిచారు. వారిని అజ్ఞానులని తప్పుపట్టడం తేలిక. కానీ సూక్ష్మజీవి కంటికి కనపడదు, తుప్పు నాలుకకు తెలుస్తుంది. పంపు చుట్టూ వేసిన సిమెంటు గచ్చు పగిలితే మురికి నీరు గొట్టం వెంటనే దిగి బోరునూ చెరుపుతుంది. తోలు వాషరు అరిగిన చిన్న లోపానికే బ్లాకు కేంద్రం నుంచి మేస్త్రీ వచ్చేదాకా వారాలు గడిచిపోయేవి. గ్రామస్థులే విప్పి బాగుచేసుకోగల మార్క్ త్రీ నమూనా తరువాత వచ్చింది ఈ ఇబ్బంది వల్లనే.

బావి మరొక సంగతిని కూడా బయటపెట్టింది. చేద వేసే బావి దగ్గర ఎవరి చేద ముందు, ఎవరి చేద అంటు అన్న తగాదా ఉండేది. ఈ సీమలో క్రైస్తవులైనవారిలో పెక్కుమంది డొంబు కులస్థులు. ఊరి బావి గట్టున వారికి చోటుండేది కాదు. చేతి పంపుకు తాడూ లేదు, చేదా లేదు. అంటు మాట అంతటితో పోయిందని చెప్పడం అతిశయోక్తి. గట్టున నిలబడే వరుస మాత్రం మారింది.

ఇటీవలి దశాబ్దాలలో మరొక తరహా సందర్శకులు కనిపిస్తున్నారు. పాశ్చాత్య దేశాల చర్చిల సభ్యులు విరాళాలు పోగుచేసి, రెండు మూడు వారాల యాత్ర మీద వచ్చి, ఒక పల్లెలో బోరు వేయించి, ప్రార్థన చేసి, ఛాయాచిత్రాలు తీసుకొని వెళతారు. వారి సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు. నీరు పైకి ఎగసిన క్షణంలో పల్లె పిల్లల కేరింత నిజమైనదే. అయితే బోరు ఆయుష్షు ఇరవై ముప్పై ఏళ్లు, యాత్ర ఆయుష్షు ఇరవై రోజులు. నడుమ ఆ పంపును చూసుకొనేది ఎవరన్న దానికి సమాధానం యాత్ర బయలుదేరక ముందే ఆ పల్లెలో కుదరాలి. బ్రెక్లుమ్ నుంచి వచ్చినవారు ఏళ్ల తరబడి ఉండి, కువి, ఒడియా, తెలుగు నేర్చుకొని, కొందరు ఇక్కడే మట్టిలో కలిశారు. ఆ తేడా గమనించదగినది.

బోరు వెళ్లలేని గూడేలకు దారి చూపినది యంత్రం కాదు, కొండయే. ఈ కొండల నెత్తిన బాక్సైటుతో కూడిన లేటరైటు పొర ఉంది. అది వాన నీటిని స్పంజి వలె పీల్చుకొని ఏడాది పొడవునా ఊటలుగా వదులుతుంది. ఆ ఊటకు ఎగువనే సిమెంటు తొట్టి కట్టి, మూత వేసి, గొట్టం ద్వారా ఊళ్లోకి దించితే పిడి కొట్టే పని లేదు, కరెంటు లేదు. గ్రామ వికాస్ సంస్థ 1992 నుంచి గంజాం కొండపల్లెలలో మొదలుపెట్టి ఒడిశాలోని ఇతర గిరిజన ప్రాంతాలకూ వ్యాపింపజేసిన పద్ధతిలో, ఊరిలోని ప్రతి కుటుంబమూ చేరితేనే పని ప్రారంభమవుతుంది. ఒక్క ఇల్లు బయట ఉన్నా ఆ ఇంటి మలినం అందరి నీటిలోకీ వస్తుందన్నది వారి తర్కం. నియమగిరిపై బాక్సైటు తవ్వకాన్ని 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో సమావేశమైన 12 గ్రామసభలు ఏకగ్రీవంగా తిరస్కరించినప్పుడు డొంగ్రియా కోందులు తమ దైవం పేరుతో పాటు ఊటల పేరు కూడా చెప్పారు.

అయినా కథ ముగియలేదు. 2007 వర్షాకాలంలో రాయగడ జిల్లా కాశీపురంలోనూ, కోరాపుట్ జిల్లా దశమంతపురం, లక్ష్మీపురం ప్రాంతాలలోనూ, కలహండిలోనూ కలరా ప్రబలి ఎందరి ప్రాణాలనో బలిగొన్నది. 2019 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం ఇంటింటికీ కొళాయి లక్ష్యంగా జల జీవన్ మిషన్‌ను ప్రకటించింది. ఆ తరువాత మూడేళ్లకు, 2022 జూలైలో, అదే కాశీపురం బ్లాకు పల్లెలలో కలరా మళ్లీ తలెత్తి కొందరు మరణించారు. ఆ నెలలోనూ తొలి వానలు కొండ మీది నుంచి గెడ్డలలోకి దిగుతూనే ఉన్నాయి.